ఫోర్కు కొట్టని జోజప్ప

బ్రిజియో మామ హోటల్లో భోంచెయ్యాలంటే ముందే ఒకదానికి సిద్ధపడి వెళ్లాలి. ఏం కావాలని అక్కడ ఎవరూ అడగరు. కూర్చోగానే రొట్టె వస్తుంది. దాని వెనకే, ఆ రోజు పొయ్యి పక్కన మట్టికుండలో ఏది ఉడికితే అది వస్తుంది. చలికాలమైతే మెత్తగా మెదిపిన చిక్కుడు పప్పు, పక్కన చేదు చికోరియా ఆకు. ఎండాకాలమైతే వంకాయ, టమాటా, గుమ్మడి పువ్వు. కంచంలో ఆకు వదిలేసి లేవబోయారో, మామ గుమ్మానికి అడ్డంగా నిలబడతాడు.

"ఆ ఆకు కోసం మా ఆవిడ తెల్లారకముందే లేచి, నడుం వంచి పొలంగట్లన్నీ తిరిగింది. నువ్వు కూర్చున్నచోట మెడ వంచలేవా?"

పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా మళ్లీ కూర్చుని ఆకు తినడం నేను చూశాను.

మాంసం వండడు. గుడ్డు వాడడు. పాలు, వెన్న, చీజ్ కూడా ఆ వంటింటి గడప తొక్కవు. ఇదేదో పెద్ద సిద్ధాంతం అనుకునేరు. ఇటలీ దక్షిణపు కొసన ఉన్న మా సలెంతోలో తాతల కాలంలో ఉన్నవి గోధుమ పిండి, నీళ్లు, ఆలివ్ నూనె. చీజ్ దొరల ఇళ్లలో ఉండేది. మిగతా జనం ఎండిన రొట్టెను పొడిచేసి, నూనెలో వేయించి, పాస్తా మీద చల్లుకుని అదే చీజ్ అనుకున్నారు. మామ ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు. అంతే.

పోయినేడు మిలానో నుంచి ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది. "మీ దగ్గర వీగన్ వంటలేమైనా ఉన్నాయా అండీ?"

"ఉండు తల్లీ, కనుక్కొస్తా" అని మామ వంటింట్లోకి వెళ్లాడు. వంటిల్లంటే ఎంత, మధ్యలో ఒక గుడ్డ తెర. లోపలి మాట ప్రతి బల్లకూ వినపడుతుంది.

"ఒసేయ్ కొన్సీలియా, వీగన్ అంటే ఏంటే?"

"మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ముట్టని వాళ్లట."

"అంటే మీ నాన్నలాగా?"

"మా నాన్న ముట్టక కాదు, దొరక్క."

మామ తెర తీసుకుని బయటికొచ్చాడు. "ఉన్నాయమ్మా. మా ఇళ్లల్లో మూడు తరాలుగా ఉన్నాయి. వాటికో పేరుందని ఇవాళే తెలిసింది."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక నాప్కిన్‌లో మొహం దాచుకుంది. వెళ్లాక ఫోన్లో ఏం రాసిందో ఏమో, అప్పటినుంచీ ఆ ఆరు బల్లలూ ఖాళీ ఉండటం లేదు. లెచ్చే నుంచి వస్తున్నారు, ఓత్రాంతో నుంచి వస్తున్నారు, జర్మన్లు సైకిళ్ల మీద వస్తున్నారు. మా ఊళ్లో వాళ్లు సరేసరి. పక్క వీధిలో స్కూటర్లు బాగుచేసుకునే నేను కూడా చేతుల గ్రీజు సరిగ్గా కడుక్కోకుండానే వెళ్లి కూర్చుంటాను.

ఒక్క మనిషి మాత్రం ఆ గడప తొక్కలేదు. ఆయన ఎక్కడో లేడు, గోడకు అవతలే ఉన్నాడు. మామకు సొంత అన్న పంతలేయో. గుర్రపు మాంసం కొట్టాయన.

నిజానికి ఆ గోడ మొదట్లో లేదు. వాళ్ల నాన్న వదిలి వెళ్లింది ఒకే పెద్ద కొట్టు. అన్నదమ్ములిద్దరూ చెరో కత్తీ పట్టుకుని యవ్వనమంతా అందులోనే నిలబడ్డారు. పంతలేయో కోసేవాడు, బ్రిజియో తూచేవాడు. శనివారం వస్తే మిరపకాయ వేసి ఉడికించిన గుర్రపు మాంసం కుండలకు కుండలు అమ్ముడయ్యేది. మధ్యాహ్నం పూట బ్రిజియో వెనక గదిలోకి వెళ్లి, కొన్సీలియా కట్టిచ్చిన టిఫిన్ డబ్బా విప్పుకుని ఒక్కడే తినేవాడు. కొత్తగా పెళ్లయినవాడు, పెళ్లాం చేతి వంట మీద మోజు అనుకున్నారందరూ. ఆ మోజు ఇరవయ్యేళ్లు నడిచినా ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక శనివారం కొట్టు నిండా జనం. ఒక ముసలావిడ వచ్చి, "నాయనా బ్రిజియో, ఇవాళ ఏ ముక్క రుచిగా ఉంది?" అని అడిగింది. మామ ఆ రోజు ఏ లోకంలో ఉన్నాడో, ఉన్నమాట అనేశాడు.

"నాకేం తెలుసమ్మా. నేనెప్పుడూ తినలేదు."

ఇరవయ్యేళ్లుగా మాంసం అమ్ముతున్నవాడు మాంసం ముట్టడట. ఎందుకు ముట్టడు? వాడికి తెలిసిన రహస్యం ఏదో ఉండాలి. సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఆ నెల సగం సరుకు కుక్కల పాలైంది. పంతలేయో తమ్ముణ్ణి ఏం అన్నాడో, తమ్ముడు ఏం బదులిచ్చాడో నాకు తెలీదు, నేనప్పటికి నిక్కర్లలో ఉన్నాను. తర్వాత ఆదివారం ఇటుకలు దిగాయి. కొట్టు మధ్యలో గోడ లేచింది. ఇటువైపు బ్రిజియో మట్టికుండలు పెట్టుకుని ఈ హోటల్ తెరిచాడు. అటువైపు పంతలేయో కత్తి నూరుకుంటూ ఉండిపోయాడు.

అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే ఎదురుగా లేవని. పంతలేయో కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ గోడకు వినపడేలా మాట్లాడేవాడు.

"చూశారా, పక్కన మేకల హోటల్ పెట్టారు. మేత తినడానికి జనం కార్లేసుకుని వస్తున్నారు."

మామ ఇటువైపు శనగలు ఏరుకుంటూ ఉండేవాడు. ఆయన చేతిలో శనగలు కొంచెం గట్టిగా పళ్లెంలో పడేవి, అంతే.

పోయిన శీతాకాలం మొదట్లో మామకు గుండెల్లో నొప్పి వచ్చింది. లెచ్చే ఆస్పత్రిలో పడుకోబెట్టారు. కొన్సీలియా అత్త ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, యేసును పెంచిన తండ్రి జోజప్ప గారికి మొక్కుకుంది. మనిషి లేచి తిరిగితే, మార్చిలో జోజప్ప పండగనాడు ఊళ్లోవాళ్లలో ఏడుగురిని పునీతులుగా, అంటే జోజప్ప, మరియమ్మ లాంటివాళ్లుగా కూర్చోబెట్టి భోజనాల బల్ల వేస్తానని. అప్పుడామెకు నేను ఒక సంగతి చెప్పాను. కింద కార్లు నిలిపే చోట పంతలేయో ఒక్కడే సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తూ కనబడ్డాడు. "ఇక్కడేం చేస్తున్నావు పెద్దమామా?" అంటే, "ఇక్కడ పార్కింగు బాగుంటుంది" అన్నాడు. ఎన్ని రోజులు వెళ్లినా అక్కడే ఉన్నాడు. పైకి మాత్రం రాలేదు.

అత్త ఆ మాట విని మనసులో పెట్టుకుంది.

మామ లేచి తిరిగాడు. తపస్కాలం వచ్చింది. మాంసం ముట్టని నలభై రోజులు కాబట్టి పంతలేయో కొట్లో ఈగలు కూడా నిద్రపోతున్నాయి. ఒక పొద్దున అత్త నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకు వెళ్లింది. నన్నప్పటికే పునీత అంతోనిగా పిలిచేశారు. ఊళ్లో ఇంతకన్నా పనికిమాలిన పునీతుడు దొరకలేదా అని చాలామంది అడిగారు, అది వేరే సంగతి.

"బావగారూ, మొక్కు బల్ల వేస్తున్నాను" అంది అత్త. "మీరు జోజప్పగా కూర్చోవాలి."

కత్తి నూరుతున్న చెయ్యి ఆగింది. "వంట ఎవరిది?"

"ఇంకెవరిది, మీ తమ్ముడిది."

"నన్ను పిలుస్తున్నట్టు వాడికి తెలుసా?"

"తెలిస్తే నన్ను రానిచ్చేవాడా?"

"పునీతుడిగా పిలిస్తే కాదనకూడదని, అదేగా నీ ధైర్యం."

"అదే బావగారూ."

పంతలేయో కత్తి అంచు మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. "సరే వస్తాను. కానీ అమ్మాయ్, ఫోర్కు నా చేతిలో ఉంటుంది. అది గుర్తుంచుకో."

అత్త మొహంలో రంగు మారింది. ఎందుకో మా ఊళ్లో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. బల్ల దగ్గర పెత్తనమంతా జోజప్పదే. ఆయన ఫోర్కుతో కంచం మీద టంగుమని కొట్టాడంటే ఆ వంట అయిపోయినట్టే. ఎవరి నోటి దగ్గర ముద్ద ఉన్నా దించెయ్యాలి, కంచాలు వెళ్లిపోవాలి, తర్వాతి వంట రావాలి. ఆయన కొట్టేదాకా మాత్రం ఎవరూ తినడం ఆపకూడదు, ఏ కంచమూ ఖాళీగా ఉండకూడదు, ఇంటివాళ్లు వడ్డిస్తూనే ఉండాలి. మామూలుగా జోజప్పలు మర్యాదగా ఓ ఐదారు ముద్దలు తిని కొడతారు. వంట నచ్చలేదని ఊరంతటికీ చాటాలంటే తినకుండా కొడితే చాలు. ఒక్క మాట అనక్కర్లేదు.

సంగతి తెలిశాక బ్రిజియో మామ పెళ్లాన్ని చూసి, "ఇంతోటిదానికి ఆస్పత్రి నుంచి ఎందుకు తెచ్చావే నన్ను, అక్కడే వదిలేస్తే పోయేది" అన్నాడు. తర్వాత రెండు రోజులు తెర వెనకే ఉండిపోయాడు. మూడో రోజు నేను వెళ్లేసరికి శనగలు నానబోస్తున్నాడు.

"ఒరేయ్ దొనాతో" అన్నాడు తలెత్తకుండా. "వాడు నా వంటను తిట్టినా ఫర్వాలేదురా. ఒక్క ముద్ద తిని తిట్టమను. ఇన్నేళ్లుగా తినకుండానే తిడుతున్నాడు."

నాకు ఏదో ఒక వెకిలి మాట అనాలనిపించింది. అది మానేసి నీళ్ల బిందె అందించాను.

పండగ రోజున హోటల్లో ఆరు బల్లలూ కలిపేసి తెల్ల దుప్పటి పరిచారు. ప్రతి పునీతుడి ముందూ బండి చక్రమంత రొట్టె, దాని నడుమ ఒక నారింజ. జోజప్ప బల్ల మీద చేప లేకపోతే కుదరదు, మామ చేపను ముట్టడు, అందుకని మరియమ్మగా కూర్చునే పోస్టాఫీసు అసుంతా తన ఇంట్లోనే వేయించి తెచ్చి మూతపెట్టింది. చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చి గోడల వెంబడి నిలబడింది. భక్తి కొద్దీ వచ్చారని ఫాదర్ చెలెస్తీనో అనుకున్నారు. పాపం ఆయన మా ఊరికి కొత్త.

పంతలేయో పెళ్లిళ్లకు వేసుకునే కోటు వేసుకుని, పూలు కట్టిన చేతికర్ర పట్టుకుని వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తల వంచి లోపలికొచ్చి బల్ల మొదట్లో కూర్చున్నాడు. ఆయన పక్కన అసుంతా, ఆమె పక్కన బాలయేసు వేషం కట్టిన ఆమె మనవడు, తర్వాత నేను, ఆ తర్వాత మిగతా పునీతులు. ఫాదర్ దీవించారు. మామ భుజం మీద తువ్వాలుతో తెర దగ్గర నిలబడ్డాడు.

మొదట వచ్చింది లంపషోని. నేలలో తవ్వి తీసే చేదు ఉల్లిగడ్డలు, ఉడికించి నూనె, వెనిగర్ వేసినవి. అవంటే నాకు ప్రాణం. ఫోర్కు గుచ్చాను. నోటి దాకా రాలేదు.

టంగ్.

పంతలేయో కంచం వైపు చూడనైనా చూడలేదు. గోడల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కొన్సీలియా అత్త కంచాలు తీసేసింది.

రెండోది చిక్కుడు పప్పు, చికోరియా. దీనికి మామ పొద్దున్నుంచీ కుండ పక్కన కూర్చున్నాడు. పంతలేయో ఫోర్కు కొసతో ఆవగింజంత తీసుకుని పెదవికి ఆనించాడు. టంగ్. అసుంతా అప్పటికే నోటినిండా పెట్టేసుకుంది. మింగాలో ఉమ్మాలో తెలియక ఫాదర్ వంక చూసింది. ఆయన పైకప్పు వంక చూశారు. ఈసారి నవ్విన వాళ్లు దాచుకోలేదు. మామ చేతిలో తువ్వాలు తాడులా మెలిపడిపోయింది.

మూడోది శనగల త్రియా. పిండిని పట్టీల్లా కోసి, కొన్ని శనగలతో ఉడికించి, కొన్ని నూనెలో కరకరలాడేలా వేయించి పైన వేస్తారు. పంతలేయో ఫోర్కు ఎత్తాడు. ఎత్తి ఆగాడు. వేయించిన పట్టీ ఒకటి చేత్తో తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. వాసన చూశాడు. కొరికాడు. ఆ కరకర శబ్దం గదంతా వినపడింది.

"ఒరే బ్రిజియో."

ఇన్నేళ్ల తర్వాత మొదటి మాట అది. మామ తెర దగ్గర నుంచి కదల్లేదు. "ఏంటన్నా?"

"ఇందులో పంది కొవ్వు వేయించి వేశావా?"

"లేదు. అది పిండి."

"త్రియా నేను పుట్టినప్పట్నుంచీ తింటున్నానురా. పిండి ఇలా ఉండదు. ఇంత రుచి పిండికి ఎక్కణ్ణించి వస్తుంది? తపస్కాలంలో, జోజప్ప బల్ల మీద, ఫాదర్ గారి ఎదురుగా అబద్ధమాడుతున్నావు."

"తిని చూడు."

"చూస్తాను. ఒక్క తునక దొరకనీ, ఊరంతా చూస్తుంది."

మొదలుపెట్టాడు. మాంసం కొట్టువాడి పళ్లు అవి, ఏ జంతువుదైనా ఏ ముక్కైనా కళ్లు మూసుకుని చెప్పగలవు. ప్రతి పట్టీనీ విడిగా నమిలాడు. శనగల్ని పక్కకు నెట్టి కింద వెతికాడు. కంచం ఖాళీ అయింది. అత్త మళ్లీ నింపింది. "ఇందులో ఉంటుంది" అన్నాడు. అదీ ఖాళీ అయింది. మళ్లీ నింపింది.

ఆయన తింటున్నంతసేపూ మేమూ తినాలి. మొదటి కంచం ఆకలి మీద తిన్నాం. రెండోది రుచి మీద తిన్నాం. మూడోది ఊరి ఆచారం మీద తిన్నాం. బాలయేసు అమ్మమ్మ గౌను పట్టుకుని లాగాడు.

"అమ్మమ్మా, పొట్ట నొప్పి."

"ఓర్చుకో నాన్నా. జోజప్ప తాత కొడతాడు."

"ఎప్పుడు?"

"పంది దొరికాక."

నా బెల్టు అప్పటికే రెండు బొక్కలు వదిలింది. ఇక లాభం లేదని, నా గ్లాసును బల్ల కిందకు దించి, జేబులో ఉన్న స్పానరు తీసి దానికి చిన్నగా తగిలించాను. టంగ్. ఎంత బాగా కుదిరిందంటే నాకే జోజప్ప కొట్టినట్టనిపించింది. ఒక్కసారిగా ఫోర్కులన్నీ దిగిపోయాయి. అసుంతా శిలువ గుర్తు వేసుకుంది. అత్త కంచాలకు చెయ్యి చాపింది.

"ఆగు" అన్నాడు పంతలేయో. నోట్లో ముద్ద ఉంది. మింగాడు. "కొట్టింది నేను కాదు. తినండి."

అప్పుడు గోడల దగ్గర నవ్వు ఆగిపోయింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పంది ఉంటే ఈపాటికి దొరికేది. ఆ సంగతి అందరికీ తెలుసు, పంతలేయోకు అందరికన్నా బాగా తెలుసు. అయినా కొట్టలేదు.

మామ లోపలికెళ్లి కుండ మొత్తం ఎత్తుకొచ్చి అన్న ముందు పెట్టాడు. "ఇదుగో. అడుగుదాకా చూసుకో."

పంతలేయో గరిటె పెట్టి అడుగు గీకాడు. రెండు శనగలు, కాస్త నూనె వచ్చాయి. ఆ రెండు శనగలూ తిన్నాడు.

"లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. పక్కనున్నాం కాబట్టి మాకు వినపడింది. "కొట్టు వెనకాల డబ్బాలో నువ్వు ఒక్కడివే తిన్నది ఇదేనా?"

"శనివారాలు ఇదే."

"అన్నేళ్లు తిన్నావు కదరా గోడకు మొహం పెట్టి. ఒక్కరోజైనా, అన్నా నువ్వు కూడా ఇంత తిను అన్నావా?"

మామ కుండ అంచు తువ్వాలుతో తుడిచాడు. "నవ్వుతావనుకున్నా."

"నవ్వేవాణ్ణే" అన్నాడు పంతలేయో. "నవ్వి తినేవాణ్ణి."

ఇద్దరూ కుండలోకి చూస్తూ ఉండిపోయారు, అందులో ఇంకేదో మిగిలినట్టు. ఫాదర్ చెలెస్తీనో గొంతు సవరించుకున్నారు.

"పంతలేయో, చేప చల్లారిపోతోంది. పిల్లాడికి నిద్రొస్తోంది. ఇక కొట్టెయ్."

పంతలేయో చేతిలో ఫోర్కు వంక చూశాడు. కంచం వంక చూశాడు. నాప్కిన్‌తో ఫోర్కును శుభ్రంగా తుడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. చేతికర్ర తీసుకుని లేచాడు.

"ఇంకా అవ్వలేదు ఫాదర్" అని వెళ్లిపోయాడు.

మా ఊళ్లో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా? ఫాదర్ని అడిగితే, మనిషి లేచి తిరుగుతున్నాడు కదా, జోజప్ప గారు అంత పట్టింపు ఉన్నవారు కాదులే అన్నారు. చేప మాత్రం ఎవరూ ముట్టడానికి వీల్లేకపోయింది, ముందు వంట పూర్తి కాలేదు కాబట్టి. అసుంతా ఇంటి పిల్లులు ఆ పండగను చాలా బాగా జరుపుకున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం నేను హోటల్లోనే ఉన్నాను. తినడానికి కాదు, ముందు రోజుది ఇంకా దిగక సోడా కోసం. తలుపు తోసుకుని పంతలేయో వచ్చాడు. గోడ పక్క బల్ల దగ్గర, తన కొట్టుకు వీపు పెట్టి కూర్చున్నాడు. జేబులోంచి ఫోర్కు తీసి ముందు పెట్టుకున్నాడు.

మామ వచ్చి నిలబడ్డాడు. "ఇవాళ చికోరియా ఉంది."

"త్రియా ఇంకా అవ్వలేదు. నేను కొట్టలేదు."

"త్రియా శనివారం చేస్తాను."

"అయితే ఈలోగా ఆ గడ్డినే పెట్టు" అన్నాడు పంతలేయో. పెట్టాక అంతా తిన్నాడు. తింటున్నంతసేపూ తిట్టాడు. నూనె ఎక్కువైందన్నాడు, ఆకు చేదన్నాడు, కుర్చీ కుంటుతోందన్నాడు. మామ పక్కనే నిలబడి ఒక్కో తిట్టూ వింటూ, కంచం ఖాళీ అయినప్పుడల్లా నింపుతూ ఉన్నాడు. కంచం మీద ఫోర్కు మాత్రం మోగలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం వస్తాడు. తన కొట్లో గుర్రపు మాంసం కుండలన్నీ అమ్మేసి, చేతులు కడుక్కుని, సొంత ఫోర్కుతో వస్తాడు. ఒకసారి నేను పక్కనుంచి ఆయన కంచం మీద కొట్టబోయాను. వేళ్ల మీద అదే ఫోర్కు వెనక్కి తిప్పి ఒక్కటి వేశాడు. వారం రోజులు స్పానరు పట్టుకోలేకపోయాను.

మొన్న ఆ మిలానో జంట మళ్లీ వచ్చింది. పంతలేయో పక్క బల్ల దగ్గరే కూర్చున్నారు. ముందు త్రియా కంచం, పక్కన చికోరియా, అంత శ్రద్ధగా తింటున్న పెద్దాయన్ని చూసి ఆ అమ్మాయికి ముచ్చటేసింది.

"మీరు కూడా వీగనా అండీ?"

పంతలేయో నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగాడు.

"కాదమ్మా" అన్నాడు. "నేను జోజప్పని."